నంబర్లు చెప్పే సాక్ష్యం: ఒక పాత స్నైపర్ తుపాకి చరిత్ర

చరిత్ర పాఠాల్లో 'ఆధారాలు' అనే మాట తరచు వస్తుంది. శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, కోటలు అని వరసగా రాసి మార్కులు తెచ్చుకుంటాం. కానీ ఒక వస్తువు చేతికి ఇచ్చి "ఇది ఎప్పటిది, ఎవరిది, నిజమైనదేనా, దీని విలువ ఎంత?" అని అడిగితే మనలో ఎంతమందిమి చెప్పగలం? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి నేను ఒక తుపాకిని ఎంచుకున్నాను. ఆడపిల్లకి తుపాకి సంగతులు ఎందుకని మా క్లాసులో కొందరు నవ్వారు. మా ఇంట్లో ఒక పాత రేకు డబ్బా మీద గొడవ జరిగింది కాబట్టి ఈ విషయం చదవాల్సి వచ్చింది. ఆ గొడవ సంగతి తర్వాత చెప్తాను. ముందు తుపాకి సంగతి చూద్దాం.

స్నైపర్ అంటే దూరంగా దాక్కుని, ఒకే గుండుతో గురి తప్పకుండా కొట్టే సైనికుడు. ఈ మాట పుట్టుకలో మన దేశానికీ భాగం ఉంది. స్నైప్ అనేది చిత్తడి నేలల్లో తిరిగే పొడుగు ముక్కు పిట్ట. లేచిందంటే వంకర టింకరగా ఎగురుతుంది, కొట్టడం చాలా కష్టం. 18వ శతాబ్దం చివర్లో భారతదేశంలో ఉన్న ఇంగ్లీషు సైనికాధికారులు ఈ పిట్టల వేటకు వెళ్లడాన్ని ఉత్తరాల్లో 'స్నైపింగ్' అని రాసుకునేవారు. పిట్టల వేట మాట తర్వాత మనుషుల వేటకు వచ్చింది.

తుపాకి పుట్టుక

నేను చెప్పబోయే తుపాకి పేరు లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 మార్క్ 1 (టి). 'లీ' అంటే దాని బోల్టు పద్ధతిని కనిపెట్టిన జేమ్స్ పారిస్ లీ. 'ఎన్‌ఫీల్డ్' అంటే లండన్‌కి ఉత్తరాన ఉన్న ప్రభుత్వ ఆయుధ కార్ఖానా ఊరు. చివర ఉన్న 'టి' అక్షరమే అసలు సంగతి. స్కోపు, అంటే దుర్బీను, అమర్చిన తుపాకి అని దాని అర్థం.

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు బ్రిటిష్ సైన్యం దగ్గర సరైన కొత్త స్నైపర్ తుపాకి లేదు. మొదటి యుద్ధం చివర్లో, 1918లో, తయారైన పాత రకంతోనే నెట్టుకొచ్చారు. అప్పుడు కొత్తగా వస్తున్న నంబర్ 4 తుపాకిని తీసుకుని, దానికి స్కోపు పెట్టాలని నిర్ణయించారు. ఎన్‌ఫీల్డ్ కార్ఖానాలో ముందుగా సుమారు 1,400 తుపాకులను ఇలా మార్చారు. 1942 నుంచి ఈ పని లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీకి అప్పగించారు. అది 1835 నుంచి ఉన్న కంపెనీ. జమీందార్లకూ ప్రభువులకూ ఖరీదైన వేట తుపాకులు చేసి పెట్టేది. యుద్ధం ముగిసేసరికి అక్కడ 20 వేలకు పైగా తుపాకులు స్నైపర్ తుపాకులుగా మారాయి. కెనడాలో టొరంటో దగ్గర లాంగ్ బ్రాంచ్ అనే చోట వెయ్యికి పైగా తయారయ్యాయి.

ఏ తుపాకి పడితే ఆ తుపాకిని మార్చలేదు. కార్ఖానాలో కాల్చి చూసి, బాగా గురి కుదిరినవాటిని పక్కన పెట్టేవారు. మార్చిన తర్వాత మళ్లీ పరీక్ష. 200 గజాల దూరంలో ఏడు గుండ్లూ 5 అంగుళాల వలయంలో పడాలి. 400 గజాల దూరంలో ఏడింట ఆరు 10 అంగుళాల వలయంలో పడాలి. 400 గజాలంటే సుమారు 366 మీటర్లు. మన బడి మైదానం లాంటివి మూడు నాలుగు వరసగా పెడితే అంత దూరం అవుతుంది.

గుర్తుపట్టడం ఎలా?

దూరం నుంచి చూస్తే ఇది మామూలు నంబర్ 4 లాగే ఉంటుంది. దగ్గరికి వెళ్తే తేడాలు ఒక్కొక్కటే కనిపిస్తాయి.

మొదటిది, తుపాకి ఎడమ పక్క ఇనుప ఒంటికి రెండు చిన్న దిమ్మలు మరలతో బిగించి ఉంటాయి. స్కోపును మోసే బ్రాకెట్టు రెండు పెద్ద చేతి మరలతో ఆ దిమ్మలకు బిగుస్తుంది. రెండోది, మడమ మీద చెంప ఆనించుకోవడానికి ఒక చెక్క మెత్త ఉంటుంది. స్కోపు ఎత్తులో ఉంటుంది కాబట్టి తల కొంచెం పైకి లేపాలి, అందుకు ఆ చెక్క. మూడోది, వెనక ఉండే గురిపట్టీలో దగ్గరి దూరానికి వాడే చిన్న రంధ్రం భాగాన్ని తీసేసి ఉంటుంది. అది స్కోపుకు అడ్డు వస్తుంది. నాలుగోది స్కోపు. దాన్ని నంబర్ 32 అంటారు. మొదట బ్రెన్ గన్ కోసం ఆలోచించి చేసిన స్కోపు ఇది. దూరంలో ఉన్నదాన్ని సుమారు మూడు రెట్లు పెద్దగా చూపిస్తుంది. లోపల ఒక మొనదేలిన నిలువు గీత, ఒక అడ్డగీత. ఇందులో మార్క్ 1, మార్క్ 2, మార్క్ 3 అని మూడు రకాలు వరసగా వచ్చాయి. మార్క్ 1 లో దూరాన్ని 50 గజాల మెట్లుగా మార్చుకోవాలి. తర్వాతివాటిలో ఇంకా సన్నటి మెట్లు వచ్చాయి.

ఇవన్నీ కంటికి కనిపించే గుర్తులు. వీటిని ఇవాళ ఎవరైనా మంచి పనివాడు కొత్తగా చేసి పెట్టగలడు. దిమ్మలు, బ్రాకెట్లు, స్కోపులు కూడా నకలు దొరుకుతున్నాయి. అందుకని తెలిసినవాళ్లు వీటితో ఆగరు, ముద్రలు చదువుతారు. నాకు ఈ విషయంలో బాగా నచ్చింది ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ముద్రల భాష

తుపాకి ఎడమ పక్క 'టి' అనే అక్షరం కొట్టి ఉంటుంది. గురి బాగుందని కార్ఖానాలో ఎంపికైనవాటిలో చాలావాటికి 'టి.ఆర్.' అనే ముద్ర ఉంటుంది. బర్మింగ్‌హాం దగ్గర షర్లీలో బి.ఎస్.ఎ. కంపెనీ చేసిన తుపాకి అయితే 'ఎం 47 సి' అని ఉంటుంది. స్నైపర్ తుపాకుల్లో ఎక్కువ భాగం ఈ కార్ఖానావే. అమెరికాలో స్టీవెన్స్ సావేజ్ కంపెనీ చేసిన తుపాకి అయితే 'యు.ఎస్. ప్రాపర్టీ' అని ఉంటుంది. దాని నంబరు మధ్యలో 'సి' అనే అక్షరం ఉంటుంది. ఆ కంపెనీ ఉన్న చికోపీ ఫాల్స్ అనే ఊరి పేరులోని మొదటి అక్షరం అది. ఇక మడమ కింది వైపు 'ఎస్ 51' అని ఉంటే అది హాలండ్ అండ్ హాలండ్ చేతి గుర్తు.

కంపెనీ పేరు రాయకుండా ఈ అక్షరాలు, అంకెలు ఎందుకు? తుపాకి శత్రువు చేతిలో పడితే ఏ కార్ఖానాలో తయారైందో తెలియకూడదని. దేశాన్ని మూడు భాగాలు చేసి మధ్య ప్రాంతానికి 'ఎం', ఉత్తరానికి 'ఎన్', దక్షిణానికి 'ఎస్' అని పెట్టుకున్నారు. ఆ భయం ఉత్తినే వచ్చింది కాదు. 1940 నవంబరులో బర్మింగ్‌హాంలోని బి.ఎస్.ఎ. కార్ఖానా మీద జర్మన్ విమానాలు బాంబులు వేస్తే 53 మంది కార్మికులు చనిపోయారు. తుపాకి మీద ఉన్న చిన్న 'ఎం' అక్షరం వెనక ఇంత కథ ఉంది. మన షోలాపూర్‌లో మగ్గాల మీద, మిల్లుల్లో బతికిన కుటుంబాల పిల్లలం కాబట్టి, ఆ 53 మంది రాత్రి పాళీకి వచ్చిన కూలీలు అని చదివినప్పుడు నాకు వేరే దేశం మనుషులు అనిపించలేదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది నంబర్ల పొత్తు. తుపాకికి ఒక నంబరు, స్కోపుకి ఒక నంబరు. ఒక స్కోపుని ఒక తుపాకికి సరిగ్గా కుదిర్చిన తర్వాత దాన్ని ఇంకో తుపాకికి పెట్టకూడదు, పెడితే గురి పోతుంది. అందుకని తుపాకి నంబరును స్కోపు బ్రాకెట్టు మీద కొట్టారు. స్కోపు నంబరును తుపాకి మడమ సన్నబడే చోట, చెక్క మీద కొట్టారు. మన పెళ్లిళ్లలో కొత్త జంట గడప దాటేటప్పుడు ఆడబిడ్డ అడ్డం నిలబడి ఇద్దరి చేతా ఒకరి పేరు ఒకరితో చెప్పిస్తుంది కదా, అలాగన్నమాట! తుపాకి స్కోపు పేరు చెప్పాలి, స్కోపు తుపాకి పేరు చెప్పాలి. ఇద్దరి మాటా కలిస్తే అది అసలు జంట.

స్కోపు పెట్టుకునే రేకు డబ్బా మీద స్కోపు నంబరు ఉంటుంది. అన్నిటినీ కలిపి పెట్టే చెక్క పెట్టె మీద తుపాకి నంబరు ఉంటుంది. బోల్టు పిడి మీద కూడా తుపాకి నంబరే ఉండాలి. ఇలా అయిదారు చోట్ల ఒకే మాట వినిపించాలి.

కొన్నిసార్లు మడమ మీద రెండు నంబర్లు ఉంటాయి. ఒకటి కొట్టివేసి, పక్కన ఇంకొకటి. దాన్ని చూసి నకిలీ అని తొందరపడకూడదు. స్కోపు పాడైతే సైన్యంలోని మరమ్మతు పనివాళ్లు కొత్త స్కోపు కుదిర్చి, పాత నంబరు కొట్టేసి కొత్తది వేసేవారు. పాతదాన్ని పూర్తిగా గీకేసి మాయం చేయలేదు. ఏం మారిందో కనిపించేలా మార్చారు. నిజాయితీగా దిద్దిన లెక్కలా ఉంటుంది అది.

మా చరిత్ర సారుకి ఇదంతా చెప్తే ఆయన కూట శాసనాల సంగతి చెప్పారు. భూమి తమదని చూపించుకోవడానికి పూర్వం కొందరు రాజుల పేర్లతో దొంగ రాగి శాసనాలు చేయించుకునేవారు. పండితులు వాటిని ఎలా పట్టుకుంటారంటే, రాజు ఒక కాలం వాడై ఉంటాడు, లిపి ఇంకో కాలానిదై ఉంటుంది. తిథి చెప్పిన రోజుకి వారం కలవదు. ఒక్కొక్క మాట విడిగా బాగానే ఉంటుంది, ఒకదానితో ఒకటి కలిపి చదివితే బయటపడుతుంది. దొంగ తుపాకి కూడా ఇలాగే దొరుకుతుంది. 1944 నాటి తుపాకి అంటారు, దిమ్మల మీద రంగు నిన్నటిది. నంబరు అంకెల అచ్చు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుంది. మరలు విప్పి చూస్తే కొత్త ఇనుము మెరుస్తుంది.

అసలుది ఎలా ఉండాలో తేల్చడానికి ఇంగ్లండ్‌లో ఒక మంచి ఏర్పాటు ఉండేది. ఎన్‌ఫీల్డ్‌లో 'పాటర్న్ రూమ్' అనే గది ఉండేది. ప్రతి రకం ఆయుధానికీ ఒక నమూనాను సీలు వేసి అక్కడ పెట్టేవారు. కార్ఖానాలు చేసినవి దానితో పోల్చి చూసుకోవాలి. 1988లో ఎన్‌ఫీల్డ్ కార్ఖానా మూతపడ్డాక ఆ సేకరణ నాటింగ్‌హాంకి వెళ్లింది, తర్వాత 2005లో లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్‌కి చేరింది. చీర అంచుకి పాత నమూనా గుడ్డముక్క దాచుకుని, కొత్త చీర నేసేటప్పుడు పక్కన పెట్టుకుని చూసే నేతగాళ్లకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

విలువ ఎక్కడ ఉంది?

యుద్ధం అయిపోయాక చాలా తుపాకులు మిగులు సామానుగా తక్కువ ధరకు అమ్ముడుపోయాయి. 1970 ప్రాంతంలో బ్రిటిష్ సైన్యం వెయ్యికి పైగా (టి) తుపాకులను తీసుకుని, గొట్టం మార్చి 7.62 మిల్లీమీటర్ల కొత్త గుండుకి సరిపోయేలా చేసి 'ఎల్ 42 ఎ 1' అని పేరు పెట్టింది. 1982 ఫాక్‌లండ్స్ యుద్ధంలో కూడా ఇవి ఉన్నాయి. అలా మారినవి మారిపోగా, విడిభాగాలుగా విడిపోయినవి పోగా, మొదట పుట్టిన రూపంలో మిగిలినవి తక్కువ.

ఇవాళ ఇంగ్లండ్‌లో లైసెన్సు ఉన్న సేకర్తల మధ్య మామూలు నంబర్ 4 తుపాకి ధర వందల పౌండ్లలో ఉంటుంది. నంబర్లన్నీ కలిసి, డబ్బా, పెట్టెతో సహా దొరికిన (టి) ధర వేల పౌండ్లకు వెళ్తుంది. రెండింటిలో ఇనుము ఒకటే, చెక్క ఒకటే. తేడా అంతా నంబర్ల పొత్తులోనే ఉంది. స్కోపు వేరేదైతే ధర పడిపోతుంది. ఎవరైనా ముచ్చటపడి తుప్పు గీకి, కొత్త రంగు వేసి మెరిపిస్తే ఇంకా పడిపోతుంది. మనకి మెరిస్తేనే బంగారం. వాళ్లకి మెరిస్తే అనుమానం!

మన దేశంలో ఈ బేరం లేదు. ఈ తుపాకి .303 బోరుది, అది నిషిద్ధ బోరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ప్రత్యేక అనుమతి లేకుండా ఎవరూ దాన్ని ఉంచుకోకూడదు. బాగుచేసినా పేలని స్థితిలో ఉన్న పాతకాలపు ఆయుధానికి మాత్రమే ఆ చట్టంలోని 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అది పేలుతుందో లేదో తేల్చడం మన పని కాదు. ఎవరి ఇంటి అటక మీదైనా తాతల నాటి తుపాకి కనిపిస్తే ముట్టుకోకుండా పెద్దవాళ్లకి చెప్పి, పోలీసులకు తెలియజేయాలి.

మా ఇంటి డబ్బా

ఇప్పుడు డబ్బా సంగతి. మా తాత తన పవర్‌లూమ్ పానాలు, మరలు ఒక రేకు డబ్బాలో పెట్టుకునేవాడు. ఆకుపచ్చ రంగు చాలావరకు ఊడిపోయింది. మూత ఉంది, తోలు పట్టీ ముక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఎప్పుడో పూణెలో మిలిటరీ పాత సామాను కొన్నవాళ్ల దగ్గర నుంచి తాత వాళ్ల నాయన తెచ్చాడట. మొన్న పాత మగ్గం ఇనుము తూకానికి కొనడానికి వచ్చిన వ్యాపారి ఆ డబ్బాని తిప్పి తిప్పి చూశాడు. మూత మీద బాణం గుర్తు, 8 అనే అంకె కనిపిస్తున్నాయి. బాణం గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకి వేసే ముద్ర. నంబర్ 32 స్కోపు డబ్బాకి నంబర్ 8 అని పేరు. ఇది స్నైపర్ స్కోపు డబ్బా అనీ, 3,000 రూపాయలు ఇస్తాననీ అన్నాడు. నంబరు ఉండాల్సిన చోట మాత్రం ఎవరో గీకేసినట్టుంది, ఏమీ లేదు.

అప్పుడు ఆ వ్యాపారే ఇంకో మాట అన్నాడు. "ఒక నంబరు కొట్టిస్తే పదివేలకి పోతుంది. అచ్చులు నా దగ్గర ఉన్నాయి. మీరు ఊఁ అంటే చాలు."

చిన్నాయన సరే అందామన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. మగ్గం అమ్ముకుంటున్నది సరదాకి కాదు. నా పదకొండో తరగతి అడ్మిషనుకి, పుస్తకాలకి డబ్బు కావాలి. "ఎవలకు నష్టం నాయనా? ఎక్కడో ఉన్న దొరబాబు కొనుక్కుంటడు. బిడ్డ ఫీజు ఎల్లిపోతది" అన్నాడు.

తాత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "వేరే ఊర్ల నేసిన దుప్పటికి షోలాపూర్ చద్దర్ అని చిట్టీ కుట్టి అమ్మినోన్ని మనం ఏమని తిట్టినం రా? మన పొట్ట కొట్టిండని తిట్టలేదా? ఇప్పుడు మనం కొట్టేది ఎవని పొట్ట?" అన్నాడు.

చిన్నాయన ఏమీ అనలేకపోయాడు. షోలాపూర్ చద్దర్‌కి ఇవాళ జి.ఐ. గుర్తింపు ఉంది, అంటే ఈ ప్రాంతంలో నేసినదానికే ఆ పేరు చెల్లుతుంది. ఆ గుర్తింపు లేని రోజుల్లో నకిలీ దుప్పట్ల వల్ల ఎన్ని మగ్గాలు ఆగిపోయాయో మా ఇంట్లో అందరికీ తెలుసు. చిట్టీ అబద్ధమైతే అసలు నేసినవాడి కష్టం కూడా అబద్ధంలో కలిసిపోతుంది. ఒక దొంగ నంబరు వేసిన డబ్బా ఒక దొంగ తుపాకి పక్కన చేరితే, ఆ రెండూ కలిసి మూడో అబద్ధానికి సాక్ష్యం చెప్తాయి.

చివరికి డబ్బాని ఉన్నది ఉన్నట్టుగానే అమ్మాం. వ్యాపారి 2,500కి దిగాడు. తాత పట్టుబట్టి నా చేత ఒక కాగితం రాయించాడు. డబ్బా ఎవరి దగ్గర ఉంది, ఎక్కడి నుంచి వచ్చిందని విన్నాం, నంబరు లేదు, మేము ఏ ముద్రా వేయలేదు అని. ఆ కాగితం మూత లోపల పెట్టి ఇచ్చాం. దాన్ని ఆయన ఉంచాడో, సందు మలుపులో పారేశాడో తెలియదు. తాత పానాలు ఇప్పుడు బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి.

నంబరు చెప్పనిది

ఇంత చదివాక నాకు ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. ఈ తుపాకి మీద ఎన్ని ముద్రలో! కార్ఖానా గుర్తు ఉంది, తనిఖీ చేసినవాడి గుర్తు ఉంది, చెక్క కుదిర్చిన కంపెనీ గుర్తు ఉంది, స్కోపు నంబరు ఉంది. దాన్ని భుజాన మోసిన సైనికుడి పేరు లేదు. స్కోపు అడ్డగీత మీద అవతల నిలబడినవాడి పేరు అసలే లేదు. సామాను లెక్క తప్పకుండా రాసుకున్నారు. మనుషుల లెక్క ఆ ఇనుము మీద లేదు.

షోలాపూర్ వాళ్లకి బ్రిటిష్ తుపాకి కొత్త వస్తువు కాదు. 1930 మే నెలలో గాంధీగారి అరెస్టు తర్వాత మన ఊళ్లో కాల్పులు జరిగాయి, మార్షల్ లా పెట్టారు. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుస్సేన్, శ్రీకృష్ణ సారడా, జగన్నాథ్ శిందే అనే నలుగురిని 1931 జనవరి 12న యెరవాడ జైలులో ఉరితీశారు. బస్సులో వెళ్తూ మనం రోజూ చూసే చార్ హుతాత్మా చౌక్ వాళ్లదే. ఆ కాల్పుల్లో వాడిన తుపాకులకీ నంబర్లు ఉండే ఉంటాయి, ఏదో ఆయుధాగారం పుస్తకంలో లెక్క కూడా ఉండే ఉంటుంది. మనం గుర్తుపెట్టుకున్నది నలుగురి పేర్లని. చౌక్‌కి ఆ పేరు పెట్టి, విగ్రహాలు నిలబెట్టి, తుపాకి మీద లేనిదాన్ని మనుషులే రాశారు.

కాబట్టి పాత వస్తువుకి రెండు రకాల విలువ ఉందని నేను అనుకుంటున్నాను. నంబర్లు కలిస్తే బజారులో ధర పలుకుతుంది, అది ఒకటి. ఆ వస్తువు ఎవరి చేతుల్లో నుంచి వచ్చిందో, ఎవరికి ఏం చేసిందో తెలిస్తే వచ్చే విలువ ఇంకొకటి. మొదటిది ముద్రలు చదివి తెలుసుకోవచ్చు. రెండోది ఎవరైనా రాసిపెడితేనే మిగులుతుంది.

మిత్రులారా, మన ఇళ్లలో తుపాకులు ఉండవు, ఉండకూడదు. కానీ జూనీ మిల్లులో పనిచేసిన తాతల బిల్లలు ఉంటాయి, నంబర్లు కొట్టిన రాగి చెంబులు ఉంటాయి, కరీంనగర్ నుంచో నల్లగొండ నుంచో మూటతో తెచ్చుకున్న నాడెలు ఉంటాయి. వాటిని గీకి మెరిపించకండి. లేని ముద్ర వేయకండి. దాని మీద ఏం రాసి ఉందో నోటుబుక్కులో దించుకోండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లని అడిగి, ఆ వస్తువు మీద రాయనిది కూడా దాని కింద రాయండి. వాళ్లు ఉండగానే రాయండి.